పేరు ఇచ్చి మాట తప్పేకన్నా పేరు ఇవ్వకపోవడమే మేలు

కళాశాలలో ఎముక మజ్జ దాతల నమోదు శిబిరం జరిగిన మరునాడు పత్రికలో ఒక ఫోటో వస్తుంది. వరుసగా నిలబడిన విద్యార్థులు, చేతుల్లో దూదిపుల్లలు, వెనుక బ్యానరు, నడుమ శాలువా కప్పుకున్న ముఖ్య అతిథి. పైన ‘వందలాది ప్రాణదాతలు’ అని శీర్షిక. మన్నించండి, ఆ ఫోటోలో ప్రాణదాత ఒక్కరూ లేరు. బుగ్గ లోపల దూదిపుల్ల రుద్ది ఇవ్వడం దానం కాదు, వాగ్దానం. దాన్ని నిలుపుకోవలసిన రోజు రెండేళ్లకో పదేళ్లకో రావచ్చు, అసలు రాకనూ పోవచ్చు. వచ్చిన రోజున ఫోను ఎత్తనివారి గురించే నా బాధ.

రక్తదానానికి గ్రూపు కలిస్తే చాలు. మజ్జ మార్పిడికి హెచ్.ఎల్.ఏ. అనే జన్యు గుర్తులు కలవాలి. ఇవి తల్లి నుండి సగం, తండ్రి నుండి సగం వస్తాయి కనుక ఒక తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు మాత్రమే. ఒక్క బిడ్డ చాలనుకునే ఈ కాలంలో ఆ అవకాశమూ చాలా ఇళ్లలో లేదు. ప్రపంచంలోని రిజిస్ట్రీలన్నింటిలో కలిపి నాలుగు కోట్లకు పైగా పేర్లున్నాయి. మన దేశానివి అందులో కొన్ని లక్షలే. ఈ గుర్తులు వంశంతో, ప్రాంతంతో ముడిపడినవి. అమెరికాలో స్థిరపడిన తెలుగువాడికి లుకేమియా వచ్చినా, దాత కోసం వెదుకులాట చివరకు మన ఊళ్ల వైపే తిరుగుతుంది.

ఇక భయాల సంగతి. ‘వెన్నుపూసలోంచి తీస్తారట, నడుము పడిపోతుందట’ అని చదువుకున్నవారే నాతో అన్నారు. మజ్జకు వెన్నుపాముతో ఏ సంబంధమూ లేదు. మాంసాహారులు నల్లిబొక్కలో చప్పరించే మూలుగే మజ్జ. రక్తకణాలు పుట్టే చోటు. నేడు అధిక శాతం దానాలలో ఎముకను తాకనే తాకరు. నాలుగైదు రోజులు జి.సి.ఎస్.ఎఫ్. ఇంజెక్షన్లు ఇస్తారు. మూలకణాలు మజ్జ నుండి రక్తంలోకి వస్తాయి. అప్పుడు ఒక చేతి నుండి రక్తం యంత్రంలోకి వెళ్లి, మూలకణాలు వేరుపడి, మిగిలినది రెండవ చేతికి తిరిగి చేరుతుంది. నాలుగైదు గంటల పని, కొన్నిసార్లు మరునాడు కూడా. డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్లు తీసేది ఇలాంటి యంత్రంతోనే. దానికి మాత్రం మనవాళ్లు వరుస కడతారు! ఇంజెక్షన్ల రోజుల్లో ఒళ్లునొప్పులు, తలనొప్పి ఉంటాయి. ఉండవని చెప్పేవారిని నమ్మకండి. కొందరికి తుంటి ఎముక వెనుక భాగం నుండి, పూర్తి మత్తులో, సూదితో మజ్జ తీయవలసి వస్తుంది. దానికి ఒకటి రెండు రోజులు ఆసుపత్రిలో ఉండాలి, కొన్నాళ్లు నడుము సలుపుతుంది. తీసిన కణాలు కొద్ది వారాలలో తిరిగి పుడతాయి. మగతనం తగ్గడం, పిల్లలు పుట్టకపోవడం వట్టి మాటలు.

నేను పదవీ విరమణ చేశాక, ఎరిగిన ఇంట ఒక అమ్మాయికి ఎప్లాస్టిక్ అనీమియా వచ్చింది. పందొమ్మిదేళ్లు. అన్నదమ్ములతో కలవలేదు. రిజిస్ట్రీలో ఒక దాత కలిశాడు. ఆ ఇంట్లో దీపావళే. దాత ఎవరో మాకు తెలియదు, తెలియనివ్వరు కూడా. మూడు వారాల తరువాత, అతని ఇంటి పెద్దలు ఒప్పుకోలేదని కబురు వచ్చింది. మరొకరు దొరకలేదు. ఆ ఏడాది గడవకముందే ఇన్‌ఫెక్షనుతో ఆమె వెళ్లిపోయింది. అతనిని నేను నిందించను. సంతకం పెట్టిననాడు ఇదంతా అతనికి ఎవరైనా చెప్పారా అన్నదే నా ప్రశ్న. అతను ఇంకా ఆలస్యంగా వెనుదీసి ఉంటే? మార్పిడికి వారం పది రోజుల ముందే బలమైన మందులతో రోగి సొంత మజ్జను నశింపజేస్తారు. ఆ తరువాత దాత రాకపోతే రోగి బతకడం దుర్లభం.

‘ఇప్పుడు సగం కలిసినా చేస్తున్నారు కదా, తండ్రో తల్లో ఇస్తారు’ అని ఒక మిత్రుడి వాదన. నిజమే, అది ఎందరికో వరమైంది. కాని పలుమార్లు రక్తం ఎక్కించుకున్న తలసీమియా పిల్లల వంటివారి ఒంట్లో ఆ సగం పొంతనను తిప్పికొట్టే ప్రతిరక్షకాలు ఉండవచ్చు. వారికి బయటి దాతే దిక్కు కావచ్చు.

కనుక శిబిరాలు నిర్వహించేవారికి నా అభ్యంతరం సూటిగా చెబుతాను. సంఖ్య కోసం పిల్లల చేత సంతకాలు పెట్టించకండి. ఐదు వందల మందిని అరగంటలో తేల్చేకన్నా, యాభైమందిని కూర్చోబెట్టి సూది, మత్తు, నొప్పి అన్నీ చెప్పండి. నలభైమంది లేచిపోతే పోనివ్వండి. మిగిలిన పదిమందే దాతలు.

మీరు పద్దెనిమిది నిండి, ఆరోగ్యంగా ఉండి, పేరు ఇవ్వదలిస్తే, ఆ సాయంత్రమే అమ్మానాన్నలకు చెప్పండి. పెళ్లయితే భార్యకో భర్తకో, అత్తమామలకో కూడా. ‘ఫోను వస్తే నేను వెళతాను’ అని ముందే అనండి. వాదన ఏదైనా ఉంటే అప్పుడే జరగనివ్వండి. ఖర్చు మీ మీద పడదు, డబ్బూ ముట్టదు. మనసు మారితే తప్పు లేదు, వెంటనే రిజిస్ట్రీకి చెప్పి పేరు తీయించుకోండి. ఊరు గాని ఫోను నంబరు గాని మారితే అదీ తెలియజేయండి. దాత కలిసినా ఆచూకీ దొరకక ఆగిపోయే వెదుకులాటలు కూడా ఉన్నాయి.