ఎక్స్‌పో మీట, ఎగిరిపోయే వారంటీ: ఏఎండీకి బహిరంగ లేఖ

ఏఎండీ యాజమాన్యానికి,

రైజెన్ 9 7950ఎక్స్ ప్రాసెసర్‌కు మీరు అధికారికంగా రాసుకున్న మెమరీ వేగం డీడీఆర్5-5200. అదీ రెండు ర్యామ్ స్టిక్కులు పెడితేనే. నాలుగు పెడితే 3600కి దిగిపోతుంది. 2022లో ఇదే తరం ప్రాసెసర్లు విడుదల చేస్తూ, 6000 అయితే బాగా కుదురుతుందని చెప్పింది కూడా మీరే. ఆ వేగం ఒక్క నొక్కుతో అందేలా ఎక్స్‌పో ప్రొఫైల్ తెచ్చిందీ మీరే. తీరా అది ఓవర్‌క్లాకింగ్ కిందికి వస్తుందనీ, వారంటీ చెల్లదనీ సన్నటి అక్షరాల్లో రాసిందీ మీరే!

ఓవర్‌క్లాకింగ్ ఒకప్పుడు తెలిసి చేసే సాహసం. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ కొన్న ఉత్సాహవంతులు బస్ వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు పెంచేవారు. గుణకం 4.5 దగ్గర బిగించి ఉండేది కాబట్టి 300 కాస్తా 450 అయ్యేది. ర్యామ్ ఎంపికలో తర్జనభర్జన లేదు: బస్ 100 అయితే పీసీ100.

ఇప్పుడు మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంది. కనుక ర్యామ్‌ను పరుగెత్తించడమంటే ప్రాసెసర్‌లో ఒక భాగాన్ని ఓవర్‌క్లాక్ చేయడమే. డీడీఆర్ అంకెలో సగమే అసలు క్లాక్ కాబట్టి, 6000 దగ్గర ర్యామ్, కంట్రోలర్ రెండూ 3000 మెగాహెర్ట్జ్‌తో అడుగు కలుపుతాయి. ఇంకా పైకి పోతే చాలా బోర్డులు కంట్రోలర్‌ను సగం వేగానికి దించేస్తాయి. డబ్బా మీది అంకె పెరిగినా గేమ్‌లో ఫ్రేములు పెరగకపోవచ్చు. సీఎల్, అంటే అడిగిన డేటా ఇవ్వడానికి ర్యామ్ తీసుకునే క్లాక్ సైకిళ్ల సంఖ్య, ఆ సంగతీ చూడాలి. 6000 సీఎల్30కి ఆలస్యం 10 నానోసెకండ్లు. పాత డీడీఆర్4-3200 సీఎల్16కీ సరిగ్గా అంతే. చవగ్గా దొరికిందని 6000 సీఎల్40 తెచ్చుకుంటే అది 13 దాటుతుంది.

గొడవ వారంటీ కాగితంతో ఆగలేదు. 2023 ఏప్రిల్‌లో కొన్ని రైజెన్ 7000ఎక్స్3డీ ప్రాసెసర్లు సాకెట్‌లోనే కాలిపోయాయి. ఎక్స్‌పో ఆన్ చేస్తే కొన్ని బోర్డులు మెమరీ కంట్రోలర్‌కు అందే ఎస్ఓసీ వోల్టేజీని అతిగా పెంచుతున్నాయని బయటపడింది. అప్పుడు గానీ మీరు 1.3 వోల్టుల హద్దు గీయలేదు.

ఇక నాలుగు స్టిక్కుల సంగతి. ఇప్పటికి రెండు కొని, డబ్బులు చేతికొచ్చాక అదే పేరున్న మరో జత తెచ్చుకోవడం మన దగ్గర మామూలే. లేబుల్ ఒకటే అయినా ఒక జతలో శామ్‌సంగ్ చిప్పులు, ఇంకో జతలో ఎస్‌కే హైనిక్స్ చిప్పులు ఉండొచ్చు. ప్రొఫైల్‌ను పరీక్షించేది ఒకే డబ్బాలో వచ్చిన జతతోనే. నాలుగూ గుచ్చాక, బోర్డు కొత్త ర్యామ్‌తో సర్దుకునే మెమరీ ట్రైనింగ్ పేరుతో తెర నిమిషాల తరబడి నల్లగా ఉండిపోతే, బోర్డు పోయిందనుకుని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పరుగెత్తేవాడి తప్పేముంది?

కోర్లెన్నో ప్రాసెసర్ డబ్బా మీద గొప్పగా వేస్తారు కదా, దాని పక్కనే ఆ 5200, 3600 కూడా అచ్చు వేయండి. ఎక్స్‌పో ముద్రతో అమ్మే కిట్‌ను మీరు గీసిన వోల్టేజీ హద్దులోనే వాడినవారికి వారంటీ నిలబెట్టండి. నిలబెట్టలేకపోతే ఆ మాట కూడా డబ్బా మీదే పెద్దక్షరాల్లో, తెలుగులో కూడా ఉండాలి. హైదరాబాద్‌లో మీకు ఇంజినీరింగ్ కేంద్రమే ఉంది. రాసిపెట్టేవాళ్ల కోసం వెతుక్కోనక్కర్లేదు.