గుఱ్ఱమును నిలుపుట

గుఱ్ఱము పరుగెత్తుచుండగా చూచి మెచ్చువారు పెక్కుమంది. నిలిచియుండగా చూచి మెచ్చువారు అరుదు. అమరకోశమును వల్లెవేసిన విద్యార్థులు ధౌరితకము, వల్గితము, ప్లుతము మొదలగు అశ్వగతులైదింటిని తడబడక చెప్పగలరు. ఆ యైదింటిలో నిలుచుట లేదు. నిలుచుట గతి యెట్లగునని పండితులు మమ్ము చూచి నవ్వవచ్చును. కాని లేబ్రాయపు గుఱ్ఱమునకు నేర్పవలసిన విద్యలలో నాలుగు కాళ్లమీద సమముగా నిలుచుట మిక్కిలి కష్టమైన వానిలో నొకటియనియు, దానిని కళ్లెము లాగి సాధింపరాదనియు మా యభిప్రాయము.

ఇప్పు డీ మాట యెత్తుటకు కారణము కలదు. 2023వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన చైనాదేశమందలి హాంగ్‌ఝౌ నగరమున, ఆసియా క్రీడలలో, డ్రెస్సేజ్ అను అశ్వవిద్యాపోటీయందు మనదేశపు జట్టు స్వర్ణపతకమును గెలిచెను. సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వాలా యను నలుగురు రౌతులు ఆ జట్టువారు. 1982వ సంవత్సరమున ఢిల్లీలో జరిగిన క్రీడల తరువాత గుఱ్ఱపుస్వారీలో మనకు స్వర్ణము లభించుట అదియే మొదలు. గుఱ్ఱము నాట్యమాడునట గదా యని బాలురు మమ్ము నడిగిరి. ఆడునుగాని, ఆట మొదలు పెట్టుటకు ముందు అది యేమి చేయవలెనో యెవ్వరును అడుగరైరి.

ఆ పోటీస్థలము 60 మీటర్ల పొడవును 20 మీటర్ల వెడల్పును గలది. రౌతు ఒక కొసనుండి నడిమిగీత వెంట తిన్నగా వచ్చి, నట్టనడుమ గుఱ్ఱమును నిలిపి, న్యాయనిర్ణేతలకు వందనము చేయవలెను. ఒక్కొక్క ఘట్టమునకు సున్న మొదలు 10 వరకు మార్కులు కలవు. ఎదుట కూర్చున్న న్యాయనిర్ణేతకు గుఱ్ఱము వంకర యిట్టే తెలిసిపోవును. ముందుకాళ్లు రెండును ఒక వరుసను, వెనుకకాళ్లు రెండును ఒక వరుసను, బల్లకోళ్లవలె నుండవలెను. బరువు నాలుగింటిమీదను సమముగా నుండవలెను. కదలరాదు, కాని నిద్రపోరాదు. సంజ్ఞ యైన తోడనే అడుగు వేయుటకు సిద్ధముగా నుండవలెను. మన పాఠశాల డ్రిల్లులో ఒంటికాలిమీద వాలి నిలుచు బాలుని ఉపాధ్యాయుడు ఎట్లు కనిపెట్టునో చిన్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

తెలుగున అశ్వశాస్త్రము లేకపోలేదు. మనుమంచిభట్టు రచించిన హయలక్షణవిలాసము కలదు. పేరే చెప్పుచున్నట్లు అది లక్షణములను గూర్చిన గ్రంథము. మనవారు సుడులు చూచి, వన్నె చూచి గుఱ్ఱమును కొనుటయందు చూపిన శ్రద్ధను దాని శిక్షణయందును చూపియున్నచో బాగుండెడిదని మాకు తోచుచున్నది. ఈ మాట ఎద్దుల సంతకును చెల్లును.

లేత గుఱ్ఱము స్వభావముచేతనే కొంత వంకరగా నడచును. దాని ఒక ప్రక్క బిఱుసు, ఒక ప్రక్క మెత్తన. బరువెక్కువగా ముందుకాళ్లమీదనే మోయును. దానిమీద మనుష్యుడెక్కి వాగెలు బలముగా లాగినయెడల తల పైకి లేచును, వీపు పల్లమగును, వెనుకకా లొకటి దూరముగా మిగిలిపోవును. కావున నేర్పరియగు రౌతు లాగడు. నిటారుగా కూర్చుండి, పిక్కలతో మెత్తగా నొత్తి, వెనుకకాళ్లను కడుపుక్రిందికి రప్పించును. అంతవరకు గుఱ్ఱపుతల ననుసరించి కదలుచుండిన చేతులను అనుసరింపనీయక నిలుపును, అంతే. నిలిచిన క్షణముననే చేతులు సడలించును. గుఱ్ఱమునకు అదియే బహుమానము. మొదట నడకనుండియే, కంచె ప్రక్కనే, దినమునకు కొన్ని సారులు మాత్రమే. కంచె యున్నచో పిరుదు ఆ వైపునకు తొలగదు.

ఒక కాలు వెనుకబడినచో నేమి చేయవలెను? ఇక్కడనే వివాదము. కొందరు కమ్చీతో ఆ కాలిని తట్టి ముందుకు తెప్పింతురు. మరికొందరు గుఱ్ఱమును వెనుకకు త్రోసి సరిచేయుదురు. మేము రెంటిని అంగీకరింపము. నిలిచిన తరువాత దెబ్బ తగులునని యెఱిగిన గుఱ్ఱము నిలిచినప్పుడెల్ల బెదరును. వెనుకకు నెట్టబడినది నిలుచుట యనగా వెనుకకు పోవుట యని తలచును. ఒకటి రెండడుగులు ముందుకు నడిపించి మరల నిలుపుటయే మేలు. వంకరను చూచియు ఊరకున్నచో అదియే యలవాటగునని యెదుటివారందురు. అది కొంత నిజమే. అయినను తొలి నెలలలో వణకుచు సరిగా నిలిచిన దానికంటె నెమ్మదిగా కొంచెము వంకరగా నిలిచినదే మాకిష్టము. బలవంతముగా చేయించినదానిలో అందముండదని గ్రీకు పండితుడు క్సెనోఫోన్ క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దముననే వ్రాసెను.

మాకు గుఱ్ఱమును నేర్పిన యనుభవము లేదు. మైలవరమునుండి తిరువూరు పోవు త్రోవలోని మా ఎ.కొండూరున పెండ్లి ఊరేగింపున దప్ప స్వారీగుఱ్ఱము కనబడుట అరుదు. మేము నేర్చినదంతయు ఎద్దులబండిమీదనే. పాఠశాల ఎదుట బండిని ఠీవిగా ఆపి తోటివారిచే మెప్పు పొందవలెనని, చిన్నతనమున మేమొక కోడె ముకుతాడును ఒక్కయూపున లాగితిమి. ముక్కు చీరుకొని నెత్తురు కారెను. కోడె వెనుకకు జరుగగా బండిచక్రము గాడిలో దిగెను. అది మొదలు మా చేయి కదలినంతనే అది తల విసరుచు వెనుకకు పోవుచుండెను.

మా తాతగారు మమ్ము తిట్టలేదు. మరునాడు ఆ కోడెను వలపట ముసలి యెద్దు ప్రక్కన కట్టిరి. ఆపదలచిన చోటికి పదిబారలు ముందుగానే నోటితో మెల్లగా అదలించి, పగ్గములు చేత నుంచుకొని, లాగక కూర్చుండిరి. ముసలియెద్దు నిలిచెను. కోడె రెండడుగులు ఎక్కువ వేసి, కాడి అడ్డుపడగా, అదియు నిలిచెను. ఆయన దిగి దాని గంగడోలు నిమిరిరి. నెల దాటిన పిమ్మట నొకనాడు ఆయన పగ్గములను మా చేతికిచ్చిరి. పాఠశాల ఎదుటికి వచ్చునప్పటికి మాకు భయముచేత గొంతు పెగలలేదు. ముసలియెద్దు తనంతట నిలిచెను. కోడె దాని ప్రక్కననే నిలిచి, వెనుకకాలిని కొంచెము ముందుకు సర్దుకొని, చెవులు రిక్కించి మా మాటకై చూచుచుండెను.