పైరులో మచ్చలన్నీ సమాధులు కావు

సంపాదకులకు,

ఇంగ్లండు పొలాల విమాన ఛాయాచిత్రాలపై గత సంచికలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివిస్తుంది. అయితే పైరులో గుండ్రంగా కనిపించే ముదురు మచ్చలను ప్రాచీన సమాధులుగానో, బాంబు గుంతలుగానో లెక్కకట్టడం సరికాదు. వాటిలో చాలావి రైతులు తవ్వుకున్న గోతులే.

నార్ఫోక్ ప్రాంతంలో 18, 19 శతాబ్దాల రైతులు పొలంలోనే గొయ్యి తవ్వి, సున్నం కలిసిన బంకమట్టి తీసి నేలకు సత్తువగా చల్లేవారు. తర్వాత వాటిలో చాలావాటిని పూడ్చి దున్నేశారు. పూడ్చినచోట మట్టి లోతుగా ఉండి తేమను పట్టుకుంటుంది. వానలు ముఖం చాటేసిన ఏడాది చుట్టూ పైరు పసుపుబారినా అక్కడ మాత్రం పచ్చగా, ఏపుగా నిలుస్తుంది.

తేడా అంచుల్లో తెలుస్తుంది. దున్నేసిన సమాధి దిబ్బ చుట్టూ ఉన్న కందకం సన్నని వలయంలా, ఒకే వెడల్పుతో కనిపిస్తుంది. తవ్వుడు గొయ్యి అంచు వంకరటింకరగా ఉంటుంది, లోపలంతా నిండుగా ముదురు రంగే. ఒకపక్క బండ్లు దిగిన వాలు తోకలా సాగి ఉంటే అది బాంబు గుంత అయ్యే అవకాశం బహు తక్కువ.

గుంతలను చూసి సమాధులనుకోకూడదనడానికి మరో ఉదాహరణ ఉంది. అదే నార్ఫోక్‌లోని గ్రైమ్స్ గ్రేవ్స్‌లో నాలుగు వందలకు పైగా గుంతలున్నాయి. పురావస్తు పరిశోధకుడు విలియం గ్రీన్‌వెల్ 1868-70 మధ్య ఒకదాన్ని తవ్వించి, అవి రాతియుగపు చెకుముకిరాయి గనులని తేల్చారు.

బ్రిటన్ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే 19వ శతాబ్దంలో వేసిన పటాల్లో రైతులు తవ్వుకున్న గోతులు ఎన్నో గుర్తించి ఉన్నాయి. ఇకపై ఛాయాచిత్రం పక్కనే ఆ పాత పటాన్నీ ప్రచురించాలని మనవి.

— ఒక పాఠకుడు