చిట్టా దాచని సర్వర్

బ్యాంకు పుస్తకంలో నిల్వ ఒక్కటే ఉంటే సరిపోదు, ఎప్పుడెంత వేశాం, ఎంత తీశాం అన్న చిట్టా కూడా కావాలి. డేటాబేస్ సర్వర్లూ అంతే. ప్రతి మార్పునూ ముందు 'లాగ్'లో రాసుకుంటాయి. పాత లాగ్‌లను మరోచోట నకలు తీసి దాచడమే ఆర్కైవింగ్. పోస్ట్‌గ్రెస్‌లో ఈ ఏర్పాటు మనం ఆన్ చేస్తే తప్ప పనిచేయదు.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థకు దీని విలువ తెలిసొచ్చింది. ప్రధాన సర్వర్ మీద భారం పెరిగి, రెండో సర్వర్ వెనకబడింది. అది అందుకోవాల్సిన లాగ్‌లు అప్పటికే చెరిగిపోయాయి. ఆర్కైవింగ్ పెట్టుకోలేదు మరి! మళ్లీ మొదట్నుంచి నకలు తీద్దామని తంటాలు పడుతున్న ఇంజినీరు, రెండోదనుకుని ప్రధాన సర్వర్లోని డేటానే చెరిపేశాడు. క్షణాల్లో తేరుకుని ఆపినా, దాదాపు 300 గిగాబైట్లలో మిగిలింది 4.5.

రోజువారీ బ్యాకప్? ప్రోగ్రాం వెర్షన్ కుదరక అదీ విఫలమవుతోంది. ఆ సంగతి చెప్పే మెయిళ్లను మెయిల్ సర్వర్ తిప్పికొట్టింది! ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన నకలే చివరికి ఆదుకుంది. ఆ ఆరు గంటల్లో జరిగిన మార్పులు మాత్రం పోయాయి.

ఆన్ చేశాం కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. నకలు తీసే ఆదేశం విఫలమైతే పోస్ట్‌గ్రెస్ ఆ లాగ్‌ను చెరపకుండా పదేపదే ప్రయత్నిస్తుంది. అవి పేరుకుపోయి డిస్కు నిండితే సర్వరే ఆగిపోతుంది. తరచూ కనిపించే కారణాలు చిన్నవే... ఫోల్డరుకు అనుమతి లేకపోవడం, దారి తప్పుగా రాయడం. 'పీజీ స్టాట్ ఆర్కైవర్'లో వైఫల్యాల లెక్క ఉంటుంది. ముందు అది చూడాలి. ఆదేశాన్ని సరిచేస్తే రీలోడ్ చాలు. ఆర్కైవింగ్‌ను కొత్తగా ఆన్ చేస్తే మాత్రం సర్వర్‌ను రీస్టార్ట్ చేయాల్సిందే.