రైటరు అలిగింది, ఏమిచ్చి దింపుదాం?

పెళ్లికొడుకు అలకపాన్పు ఎక్కితే దించడం మనవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. వాచీతో దిగకపోతే మోటారు సైకిలు, దానికీ దిగకపోతే ఎకరం పత్తి చేను! కాని కంప్యూటర్లో డీవీడీ రైటరు అలిగితే ఏమిచ్చి దించాలో ఏ పురోహితుడూ చెప్పడు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరేమో ‘రైటరు కనబడటం లేదు’ అంటుంది. రైటరేమో బుల్లి దీపం వెలిగించుకుని ఎదురుగానే కూర్చుని ఉంటుంది. ఒకే వంటింట్లో తిరుగుతూ మాటల్లేని తోడికోడళ్లన్నమాట!

‘సినిమాలన్నీ సెల్‌ఫోన్లోకి వచ్చేశాక ఇంకా ఈ డీవీడీల గోలేమిటి గురూ?’ అంటారా? అనండి. గుంటూరు నుంచి ఒంగోలు దాకా దారిలో ఏ ఊళ్లోనైనా ఓ పాత ఫొటో స్టూడియోలోకి తొంగి చూడండి. అటక మీద క్యాసెట్లు, బీరువాలో క్యాసెట్లు. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, ఊరి తిరునాళ్లు, కోటప్పకొండ ప్రభలు. వీహెచ్ఎస్ క్యాసెట్టు 1976లో జపాన్లో పుట్టింది. దాన్ని ఆడించే వీసీఆర్లు తయారు చేస్తూ చివరిదాకా మిగిలిన ఫునాయ్ కంపెనీ కూడా 2016లో చేతులెత్తేసింది. టేపులోని అయస్కాంతం ఏడాదికేడాది నీరసపడుతోంది. వాటిని కంప్యూటర్లోకి దించి, ఇంట్లో పెద్దవాళ్లు చూసుకునేలా డిస్కు మీదికి ఎక్కించాలంటే ఈ అలిగిన రైటరే దిక్కు.

★ ★ ★

చిలకలూరిపేట పక్క పల్లె నుంచి ఓ కుర్రాడు ఉత్తరం రాశాడు. డిగ్రీ చదువుతూ షార్ట్ ఫిల్ములు తీస్తుంటాడట. 1996లో జరిగిన వాళ్ల అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్టును ఎలాగో కంప్యూటర్లోకి దించాడు. అందులో తాతయ్య ఉన్నాడు. పందిట్లో హడావిడిగా తిరుగుతూ, బంతిలో కూర్చున్నవాళ్లకు ‘ఇంకో గారె వెయ్యండయ్యా’ అని కేకలేస్తూ! ఆ తాతయ్య పోయి పదకొండు నెలలైంది. సంవత్సరీకం నాటికి నాయనమ్మకు ఆ పెళ్లి చూపించాలని వాడి పట్టుదల. ఆవిడకు సెల్‌ఫోను తెర ఆనదు. ఆవిడకు తెలిసిందల్లా ముందు గదిలోని పాత డబ్బా టీవీ, దాని కింద డీవీడీ ప్లేయరూను. ‘ఒకసారి రైటరు లేదంటుంది, ఇంకోసారి ఉందని చెప్పి సగంలో ఆగిపోతుంది. పది డిస్కులు చెత్తబుట్టలో పడ్డాయి. ఏదైనా దారి చెప్పన్నా’ అని ముగించాడు.

వేరే పని మీద పేట వెళ్తూ ఆ ఇంటి గడప తొక్కాను. చూస్తే ఒకటి కాదు, మూడు జబ్బులు!

మొదటిది, ఆకలి. రైటరు విడిగా కొనుక్కున్న యూఎస్‌బీ రకం. దాన్ని తీసుకెళ్లి నాలుగు తీగలు కలిసే హబ్బుకు తగిలించాడు. ఉన్న డిస్కు చదవడానికి కాస్త కరెంటు చాలు. కాని లేజరు కిరణంతో కొత్త డిస్కు మీద రాయాలంటే ఎక్కువ కావాలి. అది అందక మధ్యలో కళ్లు తిరిగి పడిపోతోంది. హబ్బు తీసేసి నేరుగా కంప్యూటరు వెనక రంధ్రంలో పెట్టించాను. విండోస్ దాన్ని గుర్తుపట్టి మళ్లీ వదల్లేదు.

అయినా ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు మాత్రం ‘రైటరా? ఎవరూ?’ అంది. ఇది రెండో జబ్బు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు అసలు పని కత్తిరించడం, అతికించడం. డిస్కు రాసే విద్య దానికి పక్క వాయిద్యం లాంటిది. ఆ భాగం పాతదైతే కొత్త రైటర్లతో దానికి పొసగదు. వీళ్లిద్దరికీ రాజీ కుదర్చాలని నెలల తరబడి కుస్తీ పట్టేవాళ్లున్నారు. అనవసరం! రెండు పనులూ విడదీయండి. సాఫ్ట్‌వేరుతో డిస్కు మీద కాకుండా హార్డ్ డిస్కు మీదే ఐఎస్ఓ ఫైలు చేయించండి. అంటే డిస్కుకు అచ్చుగుద్దిన ప్రతి. దానికి రైటరు ఉన్నా లేకపోయినా ఒకటే. తర్వాత ఇమ్‌గ్‌బర్న్ లాంటి, రాయడం తప్ప వేరే పని లేని ఉచిత ప్రోగ్రాముతో ఆ ఫైలును డిస్కు మీదికి ఎక్కించండి. మనవాడు అదే చేశాడు. పావుగంటలో డిస్కు చేతికొచ్చింది.

టీవీలో పెట్టాం. పాట వినపడుతోంది, బొమ్మ మాత్రం నలుపు తెలుపుల్లో కిందనుంచి పైకి పరుగెడుతోంది! ‘మాయాబజార్’కు 2010లో రంగులద్దితే ఊరూరా పండగ చేసుకున్నాం. ఇక్కడేమో పసుపుబట్టల పెళ్లి నలుపు తెలుపైపోయింది. ఇది మూడో జబ్బు. మన దేశంలో టీవీ పద్ధతి పాల్. సెకనుకు 25 బొమ్మలు, కొలత 720, 576. అమెరికా వాళ్లది ఎన్‌టీఎస్‌సీ. సెకనుకు దాదాపు 30 బొమ్మలు, కొలత 720, 480. సాఫ్ట్‌వేరు పుట్టిల్లు అమెరికా కాబట్టి మనం చెప్పకపోతే వాళ్ల పద్ధతే పట్టుకుంటుంది. కొత్త టీవీలు రెండూ అర్థం చేసుకుంటాయి, పాత డబ్బా టీవీ చేసుకోదు. ప్రాజెక్టు సెట్టింగుల్లో పాల్ పెట్టి మళ్లీ ఐఎస్ఓ చేయించాం. పరీక్షలన్నీ చెరిపి రాసుకునే ఆర్‌డబ్ల్యూ డిస్కు మీదే చేశాం కనుక ఈసారి ఒక్క డిస్కూ చెత్తబుట్టలో పడలేదు.

రంగులొచ్చాయి. పందిరొచ్చింది. పంచె ఎగ్గట్టి తాతయ్యా వచ్చాడు. ధ్వని సరిపోయిందో లేదో చూద్దామని కుర్రాడు రిమోటు ఎత్తి ఆపబోయాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న నాయనమ్మ ‘ఆపమాకురా అబ్బాయ్, ఆయన్ని మాట్లాడనీ’ అంది. గదిలో ఇంకెవరం మాట్లాడలేదు.

★ ★ ★

సరే, మీ ఇంట్లో రైటరు అలిగితే వరసగా ఇవి చూసుకోండి.

ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: విండోస్‌కు రైటరు కనపడుతోందా, లేదా? దానికే కనపడకపోతే తప్పు ఎడిటింగ్ సాఫ్ట్‌వేరుది కాదు. తీగ మార్చండి, రంధ్రం మార్చండి. అప్పటికీ లేకపోతే ఎప్పుడో తీసేసిన పాత డిస్కు రాసే ప్రోగ్రాములు రిజిస్ట్రీలో వదిలిపోయిన ‘అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్’ అనే చెత్త అడ్డుపడుతూ ఉండవచ్చు. అది తెలిసినవాళ్ల చేత తీయించండి, సొంత వైద్యం వద్దు. విండోస్‌కు కనపడి సాఫ్ట్‌వేరుకు కనపడకపోతే, వెనకాల ఇంకో ప్రోగ్రాము రైటరును పట్టుకు కూర్చుందేమో చూసి మూసేయండి. అదీ కాకపోతే పైన చెప్పిన ఐఎస్ఓ మంత్రం.

సాఫ్ట్‌వేరులో డీవీడీ అనే మాటే లేకపోతే కంగారు పడకండి. విండోస్ 7 దాకా ఉన్న డీవీడీ మేకరును 2012లో వచ్చిన విండోస్ 8లో తీసేశారు. అడోబి వాళ్ల ఎన్‌కోర్ కూడా ఆ ఏడాది వచ్చిన సీఎస్6తోనే ఆగిపోయింది. అలాంటప్పుడు ఎడిటింగ్‌లో మామూలు వీడియో ఫైలు తీసుకుని, డీవీడీ స్టైలర్ అనే ఉచిత ప్రోగ్రాముకిస్తే అది డీవీడీగా మార్చిపెడుతుంది. ఎంపీఫోర్ ఫైలును ఉన్నపళంగా డిస్కు మీద కాపీ చేస్తే పాత ప్లేయరు దాన్ని కన్నెత్తి చూడదు. దానికి కావాల్సింది ఎంపెగ్-2 పద్ధతిలో, వీడియో_టీఎస్ అనే ఫోల్డరులో ఉన్న బొమ్మ.

ఇక కొలతలు. డబ్బా మీద 4.7 జీబీ అని ఉంటుంది, కంప్యూటరేమో 4.38 అంటుంది. మోసం కాదు, లెక్కపెట్టే పద్ధతి వేరు. గంట బొమ్మయితే సెకనుకు 8 మెగాబిట్లు పెట్టుకోవచ్చు. రెండు గంటలైతే 5 కన్నా కొంచెం తక్కువ. మూడు గంటల పెళ్లిని ఒకే డిస్కులో కుక్కితే 3కి దిగాలి, పెళ్లికూతురి ముఖం చతురస్రాలైపోతుంది. రెండో డిస్కు కొనండి.

డిస్కుల్లోనూ మైనస్ ఆర్, ప్లస్ ఆర్ అని రెండు గోత్రాలున్నాయి. ఇప్పటి రైటర్లు రెండూ రాస్తాయి. పాత ప్లేయర్లకు మాత్రం ముందు పుట్టిన మైనస్ ఆర్ మీద మక్కువ ఎక్కువ. ప్రతి ఖాళీ డిస్కు మీదా అది ఏ రకమో చెప్పే గుర్తు ఉంటుంది. దాన్ని చూసి లేజరు ఎంత బలంగా కొట్టాలో రైటరు నిర్ణయించుకుంటుంది. ఊరూ పేరూ లేని డిస్కయితే గుడ్డిగా రాసేస్తుంది. అందుకే ఒకే డబ్బాలోవి ఒక రైటరులో బాగుంటాయి, ఇంకోదానిలో చెడిపోతాయి. 16 రెట్ల వేగం అని రాసి ఉన్నా 8తో రాయించండి. చివర ‘వెరిఫై’ చేయించండి. ‘ఫైనలైజ్’ చేయకపోతే వేరే ప్లేయర్లలో ఆడదు. కరెంటు పోయే ఊళ్లో యూపీఎస్ లేకుండా రాయడం మొదలుపెట్టకండి.

డిస్కు మీద కాగితం స్టిక్కరు అంటించవద్దు. తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకు లాగుతుంది. మెత్తటి మార్కరుతో రాస్తే చాలు. రెంటచింతల ఎండలు తెలిసిన జిల్లా మనది. కిటికీ పక్కన పెడితే డిస్కులోని రంగు పదార్థం దెబ్బతిని బొమ్మ పోతుంది. మిర్చి కొట్టు పక్కనా, జిన్నింగు మిల్లు పక్కనా షాపు ఉంటే రైటరు తలుపు తెరిచి ఉంచకండి, లోపలి అద్దం మీద దుమ్ము చేరితే ఎంత మంచి డిస్కయినా దండగే.

★ ★ ★

డిస్కూ శాశ్వతం కాదు సుమా! మనకు ఖాళీ డిస్కులు చేసిచ్చి, సినిమా డీవీడీని 34 రూపాయలకే చేతిలో పెట్టిన మోజర్ బేర్ కంపెనీ 2018లో దివాలా తీసింది. సోనీ వాళ్లు రాసుకునే బ్లూరే డిస్కులనూ, మినీ డీవీ క్యాసెట్లనూ 2025 ఫిబ్రవరితో ఆపేశారు. అందుకని డిస్కు నాయనమ్మకు, ఐఎస్ఓ ఫైలు హార్డ్ డిస్కులో మీకు, మూడో ప్రతి వేరే ఊళ్లో ఉన్న మేనమామకు.

మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ 1931లో విడుదలైంది. జనం విరగబడి చూశారు. ఇవాళ దాని ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. కాపీ తీసి దాచిన నాథుడు లేక! సావిత్రి పుట్టిన చిర్రావూరూ, కృష్ణ పుట్టిన బుర్రిపాలెమూ ఉన్న గడ్డ మనది. ఆ పెద్ద తారల బొమ్మలు దాచడానికి లోకమంతా ఉంది. గారె వెయ్యమన్న తాతయ్య బొమ్మ దాచడానికి మాత్రం మీరొక్కరే ఉన్నారు. బీరువా మీద క్యాసెట్టుందేమో చూడండి. ఉంటే వచ్చే వేసవి దాకా ఆగకండి, ఈ ఆదివారమే దించండి.