ఆల్ టెరైన్ టైర్లు: మన బురద, వాళ్ళ మంచు

2020లో కొత్త థార్ వచ్చినప్పట్నుంచీ మన హైదరాబాదు సాఫ్ట్‌వేర్ జనాలకి ఓ కొత్త పిచ్చి పట్టుకుంది. బండి ఏదైనా సరే, దానికి ఆల్ టెరైన్ టైర్లు ఉండి తీరాలి. ముద్దుగా ఏటీ టైర్లు. ఎందుకు బాసూ అంటే, "భద్రాచలం, పర్ణశాల చూసుకుని, అట్నుంచటే చింతూరు మీదుగా మారేడుమిల్లి పోదామని" అంటారు. మాది ఖమ్మం. ఆ దారిలో ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. అంచేత నా రెండు ముక్కలూ చెప్పేస్తున్నా.

ముందు రోడ్డు సంగతి. ఖమ్మం నుంచి భద్రాచలం దాదాపు 120 కిలోమీటర్లు. కొత్తగూడెం, పాల్వంచ, సారపాక, గోదావరి బ్రిడ్జి. అంతా తారే. పర్ణశాల ఇంకో 35 కిలోమీటర్లు, అదీ తారే. చింతూరు దాకా 30వ నంబరు జాతీయ రహదారి. ఆ తర్వాత ఘాట్ మలుపులు తిరుగుతుందే గానీ రోడ్డు రోడ్డే. హైదరాబాదులో బయల్దేరినవాడు పోనూ రానూ ఎనిమిదొందల కిలోమీటర్ల పైచిలుకు తిరుగుతాడు. అందులో మట్టి మీద నడిచేది ఎంత? వాగు పక్కన ఫోటో కోసం దిగిన చోట ఒకటీ, బస దగ్గర ఇంకోటీ. ఆ రెండు కిలోమీటర్ల కోసం మిగతా ఎనిమిదొందలూ వెడల్పాటి గాడుల టైరు మీద పోవడం నాకైతే అర్థం కాదు. గాడి వెడల్పయ్యేకొద్దీ రోడ్డుకి ఆనే రబ్బరు తగ్గుతుంది. జూలై వానలో, ముందు బొగ్గు లారీ సడన్‌గా ఆగితే, అక్కడ మనకి కావాల్సింది తడి తారు మీద బ్రేకు. ఆ పని మంచి హైవే టైరు చేసినంత బాగా ఏటీ చెయ్యదు. పైగా హోరు, బరువు, కాస్త తగ్గే మైలేజీ. సైజుని బట్టి నాలుగింటికీ నలభై యాభై వేలు వదులుతాయి.

అలాగని ఏటీ టైరు దండగని అనను. ఏమాటకామాటే చెప్పుకోవాలి. చర్ల దాటి ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వైపు ఊళ్ళలో రోజూ తిరిగేవాళ్ళకి అది డబ్బుకి తగ్గ వస్తువే. అక్కడ అసలు శత్రువు బురద కాదు, రాయి. మొరం రోడ్డులో లేచిన కంకర టైరు పక్క గోడని కోస్తుంది. ట్రెడ్డులో మేకు దిగితే పంక్చర్ షాపువాడు పది నిమిషాల్లో సరిచేస్తాడు. పక్క గోడ తెగితే ఆ టైరు పని అయిపోయినట్టే. మంచి ఏటీల్లో ఆ గోడ దిట్టంగా ఉంటుంది. నా మటుకు నాకు ఏటీ కొనడానికి ఇదే మొదటి కారణం. ప్రకటనల్లో మాత్రం బురద చిమ్మే బొమ్మే వేస్తారు!

బురద అంటే గుర్తొచ్చింది. మన పత్తి చేల నల్లరేగడిలో వాన పడ్డాక దిగి చూడండి. పది చుట్లు తిరిగేసరికి గాడులన్నీ మట్టితో పూడుకుపోయి, యాభై వేల ఏటీ టైరు కాస్తా గుండు టైరైపోతుంది. ట్రాక్టరు పెద్ద టైరుకి అంత ఎత్తు పళ్ళు, వాటి మధ్య అంత ఖాళీ ఎందుకంటే తిరిగే ఊపులో మట్టిని విదిలించెయ్యడానికే. అంటే బురదలో టైరు చెయ్యాల్సిన పని, అంటుకున్నదాన్ని వదిలించుకోవడం.

మంచులో వ్యవహారం సరిగ్గా తిరగబడుతుంది. డెన్వర్లో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి ఇదే ప్రశ్న అడిగాడు: "ఒరే, మంచుకీ పనికొస్తుంది, కొండ దారులకీ పనికొస్తుంది, ఏటీ వేయించుకోనా?" మంచుకి మంచే బాగా అతుక్కుంటుంది. ముద్ద చేసి గోడకేసి కొట్టడం కంటే ఇంకో మంచు ముద్దకి అద్దడం తేలిక కదా. అందుకే మంచు టైరుకి సన్నటి చీలికలు వందలకొద్దీ ఉంటాయి, మంచుని పట్టి ఉంచుకోవడానికి. ఒకే టైరుని పట్టుకోమనీ, విదిలించమనీ అడుగుతున్నామన్నమాట. రెండూ ఓ మోస్తరుగా చేస్తుంది, అంతే.

ఇక రబ్బరు. చలికాలం టైరు రబ్బరు 7 డిగ్రీల కన్నా తగ్గినా మెత్తగా ఉండేలా చేస్తారు. మామూలుది ఆ చలికి బిగుసుకుపోతుంది. అదే మెత్తటి టైరుని 45 డిగ్రీలు దాటే కొత్తగూడెం ఎండలో తిప్పితే ఇట్టే అరుగుతుంది. టైరు మీద ఉండే 'ఎమ్ ప్లస్ ఎస్' గుర్తు చూసి చాలామంది మోసపోతారు. అది గాడుల ఆకారాన్ని బట్టి వేసేదే తప్ప ఏ మంచులోనూ పరీక్ష పెట్టి ఇచ్చింది కాదు. మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు రేకు ఉన్న గుర్తు వేరు, అది పరీక్ష పాసైతేనే వస్తుంది. అయితే అమెరికాలో ఆ పరీక్ష చూసేది బండిని ముందుకి లాగగలదా అనే. బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుంది, మలుపులో జారుతుందా అన్నవి అందులో లేవు. ఫోర్ వీల్ డ్రైవు కూడా కదలడానికే సాయం, ఆగడానికి కాదు. కొలరాడోలో ఐ-70 కొండ దారికి సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా గాడి లోతు కనీసం 3/16 అంగుళం ఉండాలని నియమం. అంటే దాదాపు 4.8 మిల్లీమీటర్లు. మన దగ్గర కార్లకి 1.6 చాలు! అన్నయ్యకి చెప్పిందేంటంటే, ఏడాదికి మూడు నాలుగుసార్లు మంచులోకి వెళ్తే కొండ గుర్తున్న ఏటీ చాలు. రోజూ మంచులోనే ఆఫీసుకి వెళ్ళాలంటే చలికాలానికి వేరే సెట్టు పెట్టుకో అని.

మళ్ళీ మన వైపుకొస్తే, నా అసలు భయం వేరే. ఏటీ టైర్లు వేయించినవాడికి వాగు చిన్నగా కనిపిస్తుంది. ఏజెన్సీలో చాలా దారులు చప్టాల మీదుగా పోతాయి. అడుగు లోతు పారే నీళ్ళు చాలా కార్లని లాక్కుపోతాయని, రెండడుగులైతే ఎస్‌యూవీలనీ వదలవని అమెరికా వాతావరణ శాఖ హెచ్చరిస్తుంది. బండిని నీళ్ళు ఎత్తేశాక టైరు ఏ కంపెనీదైతే ఏంటి, అది నేలకి తగలట్లేదు కదా! 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వస్తే ఏకంగా బ్రిడ్జి మీదే రాకపోకలు ఆపేశారు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మాన్ని ముంచెత్తింది. చర్ల వైపు బొలేరో నడిపేవాళ్ళని చూడండి. మామూలు టైర్లే, కానీ వాగు పొంగితే ఇవతలే బండి ఆపి, బీడీ ముట్టించి కూర్చుంటారు. తగ్గాకే కదులుతారు. సాయంత్రమైనా సరే, మర్నాడైనా సరే.

ఏడాదికి రెండు ట్రిప్పులు వేసే మనలాంటి వాళ్ళకి కంపెనీ సైజులోనే గాడి నిండుగా ఉన్న హైవే టైర్లు, గాలి చూసుకునే గేజీ, చిన్న కంప్రెసరు చాలు. మొరం దారిలో దిగేముందు 33 ఉన్న గాలిని 25కి దించితే టైరు కాస్త పరుచుకుని పట్టు దొరుకుతుంది, నడుము కూడా బతుకుతుంది. తారెక్కగానే మళ్ళీ కొట్టుకోవాలి, లేకపోతే వేడికి గోడ దెబ్బతింటుంది.

కాదు, ఏటీయే కావాలంటారా, మీ ఇష్టం. లోడు నంబరు పాత టైరు కన్నా తగ్గకుండా చూసుకోండి. పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, 2324 అంటే 2024లో 23వ వారం. రెండేళ్ళు గోడౌన్లో మగ్గిన సరుకు తీసుకోకండి. అన్నట్టు, నాలుగూ కొత్తవి వేయించి స్టెప్నీ మాత్రం పాతదే ఉంచేవాళ్ళు చాలామంది. సైజు మారిందంటే ఫోర్ వీల్ డ్రైవు బండికి ఆ ఒక్క చిన్న టైరుతో గేరు బాక్సు మీద పడే భారం తక్కువేం కాదు. డబ్బులు లెక్కేసుకునేటప్పుడు ఐదు టైర్లకి వేసుకోండి.