ఆగనిదెక్కడుంది?

మా మేనమామది దివిసీమ. యాభై ఏళ్లుగా ఆయన చుట్టను వదల్లేదు. చుట్టా ఆయనను వదల్లేదు. లంక పొగాకు తెప్పించుకుని, ఆకు తడిపి, ఈనె తీసి, తానే చుట్టి దారం కట్టుకోవాలి. ఇంకొకరు చుట్టింది ఆయనకు పనికిరాదు. "కన్యాశుల్కంలో గిరీశం కూడా మీలాగే చుట్టకు దాసుడు గదా, మావయ్యా!" అని నేను హాస్యమాడితే, "వాడివి అరువు చుట్టలురా, నాది సొంత ఆకు" అనేవారు.

ఈమధ్య ఆయనకు దగ్గు ఎక్కువైంది. మానమంటే మానరని తెలిసి, అమెరికాలో ఉన్న కొడుకు ఒక పైపూ, దానితోపాటు పెట్టెడు ఫిల్టర్లూ పంపించాడు. మొన్న ఆదివారం బెజవాడలో బస్సెక్కి చూడబోయాను. మావయ్య వీధి అరుగు మీద కూచుని, పైపు పీక ఊడదీసి, అందులోంచి సన్నని కాగితపు గొట్టం ఒకటి పైకి లాగారు. తెల్లగా వెళ్లింది కాఫీ డికాక్షను రంగులో బయటికి వచ్చింది.

"చూశావుటోయ్! ఇంత విషమూ ఇందులోనే ఆగిపోయింది" అన్నారు, ఎలుక పడ్డ బోను చూపించినట్టు.

గుమ్మంలో కూచుని బియ్యం ఏరుతున్న అత్తయ్య చాటలోంచి తల ఎత్తకుండానే అడిగింది: "ఆగింది కనిపిస్తూనే ఉందండీ. ఆగనిదెక్కడుంది?"

మావయ్య మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నా జేబులో సిగరెట్టు పెట్టె ఉంది. అవీ ఫిల్టరువే.

తిరుగు బస్సులో ఆ ప్రశ్న నా పక్కనే కూచుంది. పైపు ఫిల్టరు బొత్తిగా పనికిమాలినదని అనను. 9 మిల్లీమీటర్ల గొట్టంలో కాగితమో, బొగ్గు పలుకులో ఉంటాయి. పొగలోని తేమా, తారూ కొంత వాటికి పట్టుకుంటాయి; నాలుక మంట తగ్గుతుంది. కాని కార్బన్ మోనాక్సైడు దాన్ని లెక్కచెయ్యదు. నికోటినూ చాలామటుకు దాటి వస్తుంది. రాకపోతే కొన్నవాడు రెండోసారి కొనడు. కాఫీ ఫిల్టరులో మడ్డి పైన ఆగి సారం కిందికి దిగుతుంది. పొగలో సారమూ, విషమూ వేరువేరుగా లేవు. పైగా చుట్ట పొగకు క్షారగుణం ఎక్కువ. లోపలికి పీల్చకపోయినా నికోటిన్ నోటిలోనే ఒంటికి పడుతుంది. నోటి క్యాన్సరుకు గుండెలనిండా పీల్చనక్కరలేదు.

సిగరెట్టు ఫిల్టరు కథ ఇంకా చిత్రమైనది. 1950లో లండనులో డాల్, హిల్ అనే పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సరుకూ, పొగతాగడానికీ ఉన్న సంబంధాన్ని బయటపెట్టారు. జనానికి భయం పట్టుకుంది. ఆ భయానికి మందు ఫిల్టరేనన్నాయి కంపెనీలు. 1952లో కెంట్ అనే అమెరికా సిగరెట్టు సరికొత్త ఫిల్టరుతో వచ్చింది. 1956 దాకా ఆ ఫిల్టరులో ఉన్నదేమిటో తెలుసునా? ఆస్బెస్టాసు! అదీ క్యాన్సరు తెచ్చేదే. దొంగ భయానికి ఇంకో దొంగను కాపలా పెట్టుకున్నట్టయింది.

తరవాత ఫిల్టర్లకు సన్నని చిల్లులు పెట్టి, గాలి కలిపి, పొగను పలచన చేశారు. తాగేవాడు ఊరుకుంటాడా? తనకు చాలిన నికోటిన్ కోసం మరింత గట్టిగా, మరింత లోతుగా పీల్చాడు. ఊపిరితిత్తులలో ఒక రకం క్యాన్సరు పెరగడానికి ఈ చిల్లుల ఫిల్టర్లు కూడా ఒక కారణం కావచ్చునని 2014లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక చెప్పింది.

నాకు తోచేదేమంటే, ఫిల్టరు పొగను వడకట్టేది కొంచెమే. మన భయాన్ని మాత్రం చుక్క మిగలకుండా వడకట్టేస్తుంది. ఆ భయమే మిగిలి ఉంటే ఎంతమంది ఏనాడో మానివుండేవారో!

నాలుగు రోజుల తరవాత అత్తయ్య ఫోను చేసింది. పైపు అటకెక్కిందట. రోజుకు ఆరు చుట్టలు కాల్చే మనిషి రెండింటికి దిగారట, వచ్చే వారం డాక్టరు దగ్గరికి రావడానికి ఒప్పుకున్నారట. నేను సంతోషించి, "నీ మాట బాగా పనిచేసింది అత్తయ్యా" అన్నాను.

"సరేలే అబ్బాయీ, మరి నీ సంగతేమిటి?" అంది.

నాకు నోట మాట రాలేదు. జేబులోకి పోతున్న చెయ్యి మాత్రం ఆగింది.